వింపర్ తెచ్చిన మూడు తాళ్లు

గల్ఫ్‌లో కట్టడం పనుల్లో ఉన్న మనవాళ్లకు తాడు విలువ వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే భుజాలకీ నడుముకీ సేఫ్టీ బెల్టు బిగించి, కొక్కెం తగిలించుకుని, ముప్ఫయ్యో అంతస్తు అంచున నిలబడి పనిచేసేవాళ్లం మనం. ఆ బెల్టుకో లేబులు ఉంటుంది. ఎప్పుడు తయారైందో, ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో అందులో ఉంటుంది. మనలో చాలామంది దాన్ని చదవరనుకోండి, అది వేరే సంగతి! మనిషి పడితే తాడు ఆపుతుందా లేదా అని ముందే బరువు పడేసి చూడాలన్న ఆలోచన ఎప్పటిదో తెలుసా? నూట అరవై ఏళ్ల కిందటే కొండలెక్కేవాళ్లు ఆ పని చేశారు. ఆ కాలంలో అందరికంటే ప్రముఖంగా వినిపించే పేరు ఎడ్వర్డ్ వింపర్.

స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో ఉన్న మేటర్‌హార్న్ శిఖరాన్ని (4,478 మీటర్లు) 1865లో మొట్టమొదట ఎక్కినవాడిగా లోకానికి ఆయన తెలుసు. మాకు మాత్రం ఆయన సామాను మీద ఎక్కువ ఆసక్తి. గుడారం, తాడు, కొక్కెం, బారోమీటరు... చేతికొచ్చిన ప్రతిదాన్నీ తిరగేసి మరగేసి, పరీక్షించి, నచ్చకపోతే తనే కొత్తగా తయారుచేసుకున్న మనిషి. అలాంటివాడి సంచిలోంచే ఆ రోజు కట్టకూడని తాడు బయటికొచ్చింది. నలుగురు ప్రాణాలు పోయాయి. ఇదెలా జరిగింది?

అప్రెంటిస్ కుర్రాడు

వింపర్ 1840 ఏప్రిల్ 27న లండన్‌లో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో రెండోవాడు. తండ్రి జోసయా చెక్క మీద బొమ్మలు చెక్కి, పుస్తకాలకు అచ్చుదిమ్మలు తయారుచేసేవాడు. ఫొటోలను అచ్చువేయడం ఇంకా రాని కాలం. పుస్తకంలో బొమ్మ రావాలంటే ఎవరో ఒకరు గట్టి చెక్క దిమ్మ మీద ఎడమని కుడిగా, కుడిని ఎడమగా మార్చి చెక్కాల్సిందే. గీత ఒక్క వెంట్రుకవాసి పక్కకి పోయినా దిమ్మ పాడైనట్టే. పద్నాలుగేళ్లకే బడి ఆపేసి తండ్రి దగ్గర ఆ పనిలో చేరాడు వింపర్. మన లెక్కలో చెప్పాలంటే ఐటీఐ అప్రెంటిస్ లాంటివాడు. ఆ రోజుల్లో ఆల్ప్స్ కొండలెక్కే ఇంగ్లీషువాళ్లలో ఎక్కువమంది లాయర్లు, చర్చి ఫాదర్లు, ప్రొఫెసర్లు. 1857లో వాళ్లంతా కలిసి లండన్‌లో ఆల్పైన్ క్లబ్ పెట్టుకున్నారు. వాళ్ల మధ్యకి చేతిపని చేసుకునే కుర్రాడు రావడం అరుదే.

అతను వచ్చింది కూడా పని మీదే. విలియం లాంగ్‌మన్ అనే ప్రచురణకర్త 1860లో ఆల్ప్స్ కొండల బొమ్మలు గీసుకురమ్మని పంపాడు. అప్పటికి ఇరవయ్యేళ్లు. అంతకుముందు అసలు పెద్ద కొండనే చూడలేదు. బొమ్మల కోసం వెళ్లినవాడు కొండల్లో పడిపోయాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో పెల్వూ అనే శిఖరం ఎక్కాడు. అదే ఏడాది ఆగస్టులో మేటర్‌హార్న్ కిందికి చేరాడు. అప్పటికి ఆ చుట్టుపక్కల పెద్ద శిఖరాలు చాలావరకు ఎక్కేశారు, ఇది ఇంకా మిగిలే ఉంది. ఇటలీ వైపున్న బ్రొయ్ అనే ఊళ్లో జాన్ ఆంత్వాన్ కారెల్ అనే స్థానికుడు పరిచయమయ్యాడు. రాతిపని చేసినవాడు, సైన్యంలో ఉండి వచ్చినవాడు, మహా పంతం మనిషి. ఆ కొండ తమ ఊరివాళ్లదే, తామే ముందు ఎక్కాలి అని అతని లెక్క. ఆ తర్వాత నాలుగేళ్లూ వీళ్లిద్దరూ ఒకసారి కలిసి, ఒకసారి పోటీగా ఆ కొండ చుట్టూనే తిరిగారు.

వింపర్ ఏడెనిమిదిసార్లు ఎక్కబోయి వెనక్కి తిరిగాడు. 1862 జులైలో ఒంటరిగా వెళ్లి, అప్పటిదాకా ఎవరూ చేరనంత ఎత్తుకి చేరి, దిగేటప్పుడు జారాడు. దాదాపు 200 అడుగులు దొర్లుకుంటూ పోయి లోయ అంచున ఆగాడు. తలంతా గాయాలు. కొద్దిరోజులకే మళ్లీ ఎక్కడానికి బయల్దేరాడు. ఇది ధైర్యం అంటారో మొండితనం అంటారో మీరే చెప్పండి. మా సైట్లో ఎవరైనా ఇలా చేస్తే పాస్ లాగేసుకుని ఇంటికి పంపేస్తారు!

గుడారం దగ్గర పట్టింపు

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే వింపర్ బుర్ర ఎలా పనిచేసేదో ఈ గుడారం చూస్తే తెలుస్తుంది.

కొండ మీద రాత్రి గడపాలంటే గుడారం కావాలి. అప్పటి గుడారాలు మైదానంలో సైన్యాలు వాడేవి. గాలికి ఎగిరిపోయేవి, కింద నుంచి నీరు ఎక్కేది. వింపర్ తనే ఒకటి గీసుకున్నాడు. యాష్ కర్రతో నాలుగు గుంజలు. ఒక్కోటి ఆరున్నర అడుగులు, మందం ఒకటింపావు అంగుళం, కింద ఇనప ములికి. రెండేసి గుంజలు పైన కలిసేట్టు ముందొక జత, వెనకొక జత. ముందునుంచి చూస్తే ఇంగ్లీషు ఏ అక్షరం లాగా నిలబడతాయి. మధ్యలో మనిషికి అడ్డొచ్చే నిట్రాడి లేదు. పైన గుంజలు కలిసేచోట నుంచి తాడు లాగి ముందూ వెనకా రాళ్లకు కట్టేస్తారు. నేల మీద పరిచే రబ్బరు పూసిన గుడ్డని పక్క గోడల గుడ్డతో కలిపి కుట్టేశాడు. నీరు రాదు, గాలి కింద నుంచి దూరదు. నలుగురు పడుకోవచ్చు. మొత్తం బరువు 20 పౌండ్ల పైచిలుకు, అంటే మన లెక్కలో పది కిలోలు. చుట్టేస్తే ఒక మనిషి భుజాన వేసుకుపోవచ్చు.

స్కఫోల్డింగ్ చూసే మనకి ఇందులో తెలివి వెంటనే అర్థమవుతుంది. బరువు గుంజల మీదుగా నేరుగా నేలకి దిగుతుంది, లోపల చోటు పోదు. ఈ నమూనాకి వింపర్ గుడారం అనే పేరే స్థిరపడింది. ఆయన తర్వాత కూడా కొన్ని దశాబ్దాలపాటు కొండలకు వెళ్లే బృందాలు అలాంటివే మోసుకెళ్లాయి. గుడారం ఒకటి కొత్తగా తయారైతే కొండ మీద వేసి, రాత్రంతా గాలిలో ఎలా నిలిచిందో తెల్లారి వెళ్లి చూసేంత పట్టింపు ఆయనది.

దిగడానికి కూడా ఒక చిన్న ఉపాయం చేసుకున్నాడు. తాడు చివర ఒక ఇనప రింగు. రాయి చుట్టూ తాడు వేసి, ఆ రింగులోంచి ఉచ్చులాగా దూర్చి బిగిస్తే మనిషి బరువు ఆగుతుంది. రింగుకి కట్టిన సన్న తాడుని కిందనుంచి లాగితే ఉచ్చు వదులై తాడు చేతికొచ్చేస్తుంది. ఒంటరిగా దిగేటప్పుడు తాడు పైన వదిలేసి రావక్కర్లేదు. ఎక్కేటప్పుడు రాతి పగుళ్లకు తగిలించడానికి ఉక్కు కొక్కెం ఒకటి. ఇవి రెండూ వర్క్‌షాపులో పుట్టిన ఆలోచనలే. లైబ్రరీలో కూర్చున్నవాడికి తట్టవు.

76 కిలోలు, పది అడుగులు

తాడు సంగతికొద్దాం. అప్పటిదాకా కొండలెక్కేవాళ్లు ఏ తాడు దొరికితే అది కట్టుకునేవారు. తెగిందనీ మనిషి పోయాడనీ వార్తలు వస్తుండడంతో ఆల్పైన్ క్లబ్ 1864లో ఒక కమిటీ వేసింది. బజారులో దొరికే తాళ్లు తెప్పించి, బరువులు కట్టి పైనుంచి పడేసి చూశారు. చివరికి నిలబడ్డవి మనీలా నారతో చేసినవీ, ఇటలీ హెంప్ నారతో చేసినవీ. 168 పౌండ్ల బరువు పది అడుగులు పడ్డా, 196 పౌండ్లు ఎనిమిది అడుగులు పడ్డా ఇవి ఆపాయి. కదలకుండా వేలాడదీసిన బరువైతే రెండు టన్నుల దాకా తట్టుకున్నాయి.

ఈ రెండు లెక్కల మధ్య తేడా చూడండి. వేలాడే బరువు రెండు టన్నులు. పడే బరువు మాత్రం 76 కిలోలు, అంటే ఒక మనిషి! తాడుని ఎప్పుడూ వేలాడే బరువుతో కొలిచి ధీమాగా ఉండేవాళ్లకు ఇదొక్కటి చాలు. సిమెంటు బస్తా మెల్లగా దింపితే పలక మీద ఆగుతుంది, పైనుంచి విసిరితే పలకే విరుగుతుంది. కొండ మీద మనిషి తాడుకి వేలాడడు, పడతాడు. ఆ సంగతి 1864లోనే పట్టుకోవడం చిన్న విషయం కాదు.

ఇప్పటి పరీక్ష కూడా ఆ దారిలోనే నడుస్తోంది. ఒంటి తాడుగా వాడే క్లైంబింగ్ తాడుకి ఈఎన్ 892 ప్రమాణం ప్రకారం 80 కిలోల బరువు కట్టి దాదాపు 5 మీటర్లు పడేస్తారు. కనీసం ఐదుసార్లు తెగకుండా ఆపాలి. మొదటిసారి పడ్డప్పుడు మనిషి మీద పడే కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. అంటే సుమారు 1,200 కిలోల బరువుకి సమానం. అందుకే కొండలకు వాడే నైలాను తాడు సాగుతుంది. సాగని తాడుకి మనిషి పడితే తాడు నిలిచినా నడుము నిలవదు. మన సేఫ్టీ బెల్టు తాడు చివర మడతలు పెట్టి కుట్టిన ప్యాకెట్టు ఉంటుంది చూశారా, అదీ ఇందుకే. వంద కిలోల మనిషి పడితే కుట్లు ఒక్కొక్కటీ తెగుతూ కుదుపుని 6 కిలోన్యూటన్ల లోపు ఉంచుతుంది. ఒకసారి విచ్చుకున్న ప్యాకెట్టుని టేపు చుట్టి మళ్లీ వాడకూడదు. వాడేవాళ్లని మేము చూశాం కాబట్టి చెబుతున్నాం.

వింపర్ ఆ కమిటీ నివేదిక చదివి వెంటనే పాటించాడు. 1865లో మనీలా తాళ్లు, వందేసి అడుగులవి రెండు తీసుకెళ్లాడు. వంద అడుగులకి దాదాపు మూడు కిలోల బరువు. మోత ఎక్కువే అయినా భరోసా ఉందని ఆయన లెక్క. కొత్త తాళ్లొచ్చాయి సరే, మరి పాతవి? వాటినీ పారేయలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

జులై 14

1865 వేసవి వింపర్‌కి బాగా కలిసొచ్చింది. జూన్ 24న గ్రాండ్ జొరాస్‌లో ఒక శిఖరం, 29న ఐగీ వెర్ట్. అక్కడినుంచి బ్రొయ్ వస్తే, కారెల్ అప్పటికే ఇటలీవాళ్ల బృందంతో మాట ఇచ్చేసుకుని కొండకి బయల్దేరాడు. గైడు లేడు, కూలీలు లేరు. అప్పుడే అక్కడికొచ్చిన లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడితో కలిసి కనుమ దాటి స్విట్జర్లాండ్ వైపున్న జెర్మట్ చేరాడు. అక్కడ ఛార్లెస్ హడ్సన్ అనే ఫాదరు కూడా ఇదే కొండకని సిద్ధంగా ఉన్నాడు. ఆయన వెంట మిషెల్ క్రో అనే పేరుమోసిన గైడు, హడో అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు. హడో కొద్దిరోజుల ముందే మాఁ బ్లాఁ ఎక్కాడు, అంతకుమించి అనుభవం లేదు. రెండు బృందాలూ ఒక్క సాయంత్రం మాట్లాడుకుని ఒకటైపోయాయి. జెర్మట్ గైడు పీటర్ టౌగ్‌వాల్డర్, అతని కొడుకు చిన్న పీటర్‌తో కలిపి మొత్తం ఏడుగురు. ఎవరి సామాను ఎవరిదో, ఎవరు ఎవరికి బాధ్యులో తేల్చుకునే తీరిక లేదు. కొండకి అవతల పక్కన కారెల్ ఎక్కేస్తున్నాడు మరి!

జులై 13న బయల్దేరారు. వింపర్ సామానులో మూడు రకాల తాళ్లు. మనీలా తాడు 200 అడుగులు. దానికంటే లావుది, ఇంకా గట్టిదని ఆయన నమ్మింది 150 అడుగులు. మూడోది 200 అడుగుల పైనే. ఇంగ్లండులో కిటికీ రెక్కలు పైకీ కిందకీ లాగడానికి వాడే తాడు లాంటిది, సన్నది, పాతది, మనీలా తాడు రాకముందు ఆయన వాడినది. దిగేటప్పుడు రాళ్లకు కట్టి వదిలేయాల్సి వస్తే పనికొస్తుందని తెచ్చాడు. మనిషికి కట్టడానికి కాదు.

14వ తేదీ మధ్యాహ్నం 1.40కి పైకెక్కారు. చివర్లో వింపర్, క్రో ఇద్దరూ తాడు విప్పుకుని పందెం వేసుకున్నట్టు పరుగెత్తారు. కిందికి చూస్తే ఇటలీ వైపు కారెల్ బృందం ఇంకా చాలా దిగువన ఉంది. వాళ్లకు తెలియాలని రాళ్లు దొర్లించారు. గుడారం గుంజ మంచులో పాతి, క్రో తన పైచొక్కా విప్పి జెండాలాగా కట్టాడు. గంటసేపు అక్కడే ఉన్నారు.

దిగే వరుస వింపర్, హడ్సన్ కలిసి అనుకున్నారు. ముందు క్రో, తర్వాత హడో, హడ్సన్, డగ్లస్, పెద్ద పీటర్. వాళ్లు తాళ్లు కట్టుకుని వరుస కూడుతుంటే వింపర్ పక్కన కూర్చుని శిఖరం బొమ్మ గీసుకుంటున్నాడు. ఇంతలో పేర్లు రాసి సీసాలో పెట్టడం మర్చిపోయామని ఎవరికో గుర్తొచ్చింది. ఆ పనీ వింపర్‌కే అప్పగించి మిగతావాళ్లు కదిలారు. కొన్ని నిమిషాల తర్వాత చిన్న పీటర్‌తో తాడు కట్టుకుని ఆయన పరుగున వెళ్లి వాళ్లను అందుకున్నాడు. కష్టమైన చోట రాళ్లకు అదనంగా తాడు కట్టుకుందామని హడ్సన్‌తో అన్నాడు కూడా. ఆయన సరేనన్నాడు. కానీ ఎవరూ కట్టలేదు. మూడు గంటలప్పుడు డగ్లస్‌కి అనుమానమొచ్చింది, ఎవరైనా జారితే పెద్ద పీటర్ ఒక్కడూ ఆపలేడని. పెద్ద పీటర్‌తో తాడు కలుపుకోమని వింపర్‌ని అడిగాడు. ఆయన కలుపుకున్నాడు. అప్పటికి డగ్లస్‌కీ పెద్ద పీటర్‌కీ మధ్య ఏ తాడు ఉందో ఆయన చూడలేదు.

కొద్ది నిమిషాలకే హడో జారాడు. ముందున్న క్రో వీపుకి తగిలాడు. ఇద్దరూ కిందికి. ఆ కుదుపుకి హడ్సన్, ఆ వెంటనే డగ్లస్. పైన ఉన్న పెద్ద పీటర్, వింపర్ రాతిని కరుచుకున్నారు. కుదుపు ఇద్దరికీ ఒక్కసారే తగిలింది. వాళ్లు ఆగారు. కానీ డగ్లస్‌కీ పీటర్‌కీ మధ్య తాడు గాల్లోనే పుటుక్కున తెగింది. నలుగురూ దాదాపు 4,000 అడుగుల కింద హిమానీనదం మీద పడ్డారు.

అరగంటసేపు తండ్రీకొడుకులు కదల్లేకపోయారు. చివరికి పెద్ద పీటర్ కిందికి దిగొచ్చాక వింపర్ తెగిన తాడు చూపించమన్నాడు. మూడు తాళ్లలో అన్నిటికంటే బలహీనమైనది, ఆ మూడోది! మంచి తాడు ఇంకా ఉండగానే దాన్ని మనిషికీ మనిషికీ మధ్య కట్టేశారు.

ఎవరు కట్టారు?

ముగ్గురి శవాలు దొరికాయి. డగ్లస్ శవం ఇప్పటిదాకా దొరకలేదు. ఇంగ్లండు పత్రికలు దుమ్మెత్తిపోశాయి, ఈ కొండలెక్కే పిచ్చి ఎందుకని టైమ్స్ సంపాదకీయమే రాసింది. జెర్మట్‌లో విచారణ జరిగింది. పెద్ద పీటర్ ప్రాణం దక్కించుకోవడానికి తనే తాడు కోసేశాడని ఊళ్లో పుకారు లేచింది. వింపర్ దాన్ని ఖండించాడు. తాడు కోసింది కాదు, తెగిందే. కానీ ఆ తాడే ఎందుకు కట్టాడన్న ప్రశ్న మాత్రం పీటర్ మీద వదిలాడు. విచారణలో పీటర్ తప్పు లేదని తేలినా, ఆ మచ్చ అతన్ని వదల్లేదు.

ఇక్కడ మేము వింపర్‌తో పూర్తిగా ఏకీభవించలేం. తాళ్లు తెచ్చింది వింపర్. ఏది మనిషికి, ఏది రాయికి అన్నది ఆయన బుర్రలో ఉంది. తాడు మీద గుర్తు లేదు, రంగు లేదు. మూడూ ఒకే చోట ఉన్నాయి. కట్టే సమయానికి ఆ తేడా తెలిసిన మనిషి పక్కన బొమ్మ గీస్తున్నాడు. పీటర్ చేతికి ఏది అందితే అది కట్టి ఉంటాడు. గైడుకి తాడు చూసి తెలియొద్దా అంటారా? తెలియాలి. కానీ తెచ్చినవాడు చూడొద్దా? మంచి తాడే కట్టి ఉంటే నలుగురి బరువుకి ఏడుగురూ పోయేవాళ్లన్న వాదన కూడా ఉంది. కావచ్చు. క్లబ్ పరీక్ష ఒక మనిషి బరువుకే, నలుగురి బరువుకి కాదు. అయినా పైన ఇద్దరు గట్టిగా నిలబడ్డ మాట నిజం.

ఇలాంటిది సైట్లో మాకు కొత్త కాదు. ఒకచోట గుడ్డ స్లింగు అంచు చిరిగిందని పక్కన పెట్టారు. పక్కన పెట్టడమంటే స్టోరులోనే, మంచివాటి పక్క మేకుకే తగిలించారు. కోసి పారేస్తే దండగ కదా, ఎప్పుడైనా చిన్న బరువులకు పనికొస్తుందని! రెండు వారాల తర్వాత రాత్రి షిఫ్టులో హడావుడిగా వచ్చిన హెల్పరు దాన్నే పట్టుకుపోయాడు. లోడు లేచేముందు రిగ్గరు చూశాడు కాబట్టి సరిపోయింది. ఆ కుర్రాడికి ఆ చిరుగు గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చాలా సైట్లలో మూడు నెలలకోసారి తనిఖీ చేసి, ఆ మూడు నెలల రంగు వేస్తున్నారు. పోయినదాన్ని ముక్కలు చేసి పారేస్తున్నారు. రంగు లేనిది చేతికొస్తే కొత్తవాడైనా ఆగుతాడు.

కొండ తాడు కొనుక్కునే మనవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉండి శని ఆదివారాలు క్లైంబింగ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఒకటి గమనించాలి. షాపులో సాగే తాడూ ఉంటుంది, సాగని తాడూ ఉంటుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. సాగనిది దిగడానికీ సామాను లాగడానికీ. ముందు వెళ్లేవాడు కట్టుకోవాల్సింది సాగేదే. రెండూ ఒకే సంచిలో పెట్టకండి. సెకండ్‌హ్యాండ్ తాడు ఎంత చవకైనా వద్దు, అది ఎన్నిసార్లు మనిషిని ఆపిందో, బ్యాటరీ యాసిడ్ పక్కన ఎన్నాళ్లు పడి ఉందో మీకు తెలియదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కొండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి బండ మీద. అక్కడైనా ఆల్ప్స్ మీదైనా తాడుకి ఒకటే లెక్క.

రబ్బరు కాలిన వాసన

ఆ రోజు తర్వాత వింపర్ ఆల్ప్స్‌లో కొత్త శిఖరాల వేట దాదాపు మానేశాడు. వయసు ఇరవై అయిదే. 1867లో, మళ్లీ 1872లో గ్రీన్‌లాండ్ వెళ్లి శిలాజాలు ఏరుకొచ్చాడు. 1871లో తన ఆల్ప్స్ ప్రయాణాల పుస్తకం వేశాడు. బొమ్మలన్నీ సొంత వర్క్‌షాపులో చెక్కినవే. అందులో ఆ మూడు తాళ్ల బొమ్మ కూడా ఉంది, పక్కపక్కనే, చూసినవాళ్లకు తేడా తెలిసేట్టు. ఇద్దరి మధ్య తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలని, వదులుగా ఉంటే పడేవాడికి వేగం వచ్చేస్తుందని కూడా అందులో వివరంగా రాశాడు.

ఆ తర్వాత మరో ప్రశ్న పట్టుకున్నాడు. చాలా ఎత్తులో మనిషి ఎలా ఉండగలడు? మన హిమాలయాలకే రావాలనుకున్నాడు కానీ సరిహద్దు రాజకీయాల వల్ల కుదరలేదు. అందుకని 1879 చివర్లో దక్షిణ అమెరికాలో ఈక్వడార్ వెళ్లాడు. వెంట ఎవరనుకున్నారు? పాత ప్రత్యర్థి కారెల్! అతని బంధువు లూయీ కూడా. 1880 జనవరి 4న ముగ్గురూ 6,263 మీటర్ల చింబొరాజో శిఖరం మొదటిసారి ఎక్కారు. పైన మంచు ఎంత మెత్తగా ఉందంటే మెడదాకా దిగబడి, కొట్టి కొట్టి గట్టిచేసుకుంటూ పాకారు.

ఫిబ్రవరిలో కోటొపాక్సీ అగ్నిపర్వతం మీద, బిలం అంచు దగ్గర బూడిదలో ఆ గుడారమే వేసి రాత్రి పడుకున్నారు. కాసేపటికి రబ్బరు కాలుతున్న వాసన! చెయ్యి పెట్టి చూస్తే నేల గుడ్డ కరిగిపోయేట్టుంది. ఇంకొకరైతే గుడారం పీక్కుని పరుగెత్తేవారు. వింపర్ థర్మామీటరు తీసి పెట్టాడు. అక్కడ 110 డిగ్రీల ఫారెన్‌హీట్. గుడారం రెండో పక్క 50, మధ్యలో 72. రాసుకున్నాడు.

ఆ ప్రయాణంలో ఆయన చేసిన అసలు పని మాత్రం ఎత్తు కొలిచే పరికరాల మీద. పాదరసం బారోమీటరు నమ్మకమైనదే కానీ గాజు గొట్టం, మోయడం నరకం. ఎనిరాయిడ్ అంటే గాలి తీసేసి మూసిన చిన్న లోహపు డబ్బా, జేబులో పట్టేస్తుంది. ప్రయాణికులంతా దాన్నే నమ్ముకున్నారు. వింపర్ ఎనిరాయిడ్లను వెంట తీసుకెళ్లి పాదరసంతో పోల్చి చూస్తూ వచ్చాడు. గాలి తక్కువున్న చోట వారాల తరబడి ఉంటే ఎనిరాయిడ్ ముల్లు మెల్లగా ఇంకా ఇంకా తగ్గిపోతోంది, అంటే లేని ఎత్తు చూపిస్తోంది. లండన్ వచ్చాక గాలి తగ్గించిన పాత్రలో పెట్టి మళ్లీ పరీక్షించాడు. 1891లో దీని మీద చిన్న పుస్తకమే వేశాడు. సర్వే పనిలో ఉన్న మనకి ఇది బాగా తెలుసు. లెవెల్ పరికరం ఎంత మంచి కంపెనీదైనా రెండు పెగ్గుల పరీక్ష చేయకుండా చదివిన రీడింగ్‌కి విలువ లేదు. 1892లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకి బంగారు పతకం ఇచ్చింది.

అప్పటికే ఫొటో అచ్చు వచ్చేసి చెక్క బొమ్మల పని చచ్చిపోతోంది. ఆయన లాంతరు స్లయిడ్లతో ఉపన్యాసాలిచ్చి, షమొనీ, జెర్మట్ ఊళ్లకు గైడు పుస్తకాలు రాసి బతికాడు. కారెల్ 1890లో మేటర్‌హార్న్ మీదే పోయాడు, తుపానులోంచి తన బృందాన్ని క్షేమంగా కిందికి దించాకే. వింపర్ 1901లో రైల్వే కంపెనీ తరఫున కెనడా కొండలు చూడబోయాడు. 1906లో అరవై అయిదేళ్ల వయసులో పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది, నాలుగేళ్లకే విడిపోయారు. 1911 సెప్టెంబరులో షమొనీ వచ్చి, ఒంట్లో బాగోక హోటల్ గది తలుపు వేసుకున్నాడు. డాక్టర్ని రానివ్వలేదు. 16వ తేదీన పోయాడు. అక్కడే సమాధి చేశారు. తాళ్లకీ కొక్కాలకీ ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య 1932లో పుట్టింది ఆ ఊళ్లోనే.

యూరప్ వైపు వెళ్లే మనవాళ్లు జెర్మట్ వెళ్తే చర్చి పక్కనే మేటర్‌హార్న్ మ్యూజియం ఉంది. ఊళ్లోకి పెట్రోలు కార్లు రానివ్వరు, కిందే దిగి రైల్లో పోవాలి. తెగిన ఆ తాడు ముక్క అక్కడ అద్దం వెనక పెట్టారు.